విద్యార్థికి ఒక అభయశాసనం

'విద్యార్థి' అన్న సమాసానికి విగ్రహవాక్యం చెప్పించేటప్పుడు తరగతిలో ఎవడో ఒక కొంటె పిల్లవాడు, "సార్, ఇందులో అర్థం కూడా ఉన్నది గదా, అంటే విద్యతో పాటు డబ్బు కూడా కోరేవాడా?" అని అడగటం, మిగిలినవారు నవ్వటం మా వృత్తిలో మామూలే. వ్యాకరణం దృష్టితో చూస్తే ఆ కొంటె ప్రశ్న అంత తీసివేయదగింది కాదు. అర్థి అన్నా, అర్థము అన్నా రెండూ కోరుట అనే అర్థమిచ్చే ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. కోరేవాడు అర్థి, కోరబడేది అర్థం. మాటల్లో ఇంత దగ్గరి చుట్టరికమున్న విద్యకూ అర్థానికీ మన ఇండ్లల్లో మాత్రం చాలాకాలంగా పొసగటం లేదు.

ఉద్యోగ విరమణ తర్వాత హనుమకొండలో నన్ను కలిసే తల్లిదండ్రుల్లో ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా ఒకే ఫిర్యాదు తెస్తున్నారు. "పంతులుగారూ, మావాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. చదువు ముగియకముందే ఏదో వ్యాపారం పెడతానంటున్నాడు. మీరైనా నాలుగు మాటలు చెప్పండి" అని. నాలుగు మాటలు చెప్పే ముందు చరిత్రలో ఈ ప్రశ్నకు ఎవరెవరు ఏ సమాధానమిచ్చారో చూడటం మంచిదనిపించింది. చూసినకొద్దీ నాకు తేలిన విషయం ఒకటే. చదువుకునే రోజుల్లో వ్యాపారానికి దిగినవాడికి కలిగే అసలు మేలు వచ్చే లాభంలో లేదు, పోయే నష్టం చిన్నదిగా ఉండటంలో ఉంది. మిగిలిన ప్రయోజనాలన్నీ ఈ ఒక్కదాని కొమ్మలే. మిత్రులు ఓపికగా చదివితే, ఒక పాత కథతో మొదలుపెడతాను.

సాతవాహనుల ఆస్థానంలో గుణాఢ్యుడు పైశాచీ భాషలో రచించాడని చెప్పే బృహత్కథ మనకు దక్కలేదు. 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు దాని కథలను కథాసరిత్సాగరంగా సంస్కృతంలో కూర్చాడు. అందులో మొదటి లంబకమైన కథాపీఠంలో ఒక వర్తకుడు తన కథ తానే చెప్పుకుంటాడు. తల్లి కడుపులో ఉండగానే తండ్రి పోయాడు. జ్ఞాతులు ఆస్తి లాక్కున్నారు. ఆ తల్లి ఒక ఉపాధ్యాయుణ్ణి బతిమాలి కొడుక్కి రాయటం, లెక్కలు కట్టటం నేర్పించింది. ఆ రెండూ వచ్చాక, "నువ్వు వర్తకుని బిడ్డవు. విశాఖిలుడనే ధనవంతుడు పేదింటి కులీనులకు పెట్టుబడి ఇస్తాడట, వెళ్లి అడుగు" అని పంపింది.

కుర్రవాడు వెళ్లేసరికి విశాఖిలుడు ఇంకొక వర్తకుని కొడుకును మందలిస్తున్నాడు. నేల మీద పడివున్న చచ్చిన ఎలుకను చూపి, సమర్థుడైతే దీనితో కూడా ధనం సంపాదిస్తాడు, నీకు ఎన్ని దీనారాలిచ్చినా పెంచటం మాట దేవుడెరుగు, నిలుపుకోవటమే చేతకాలేదు అంటున్నాడు. మన కుర్రవాడు ముందుకు వచ్చి ఆ ఎలుకనే పెట్టుబడిగా తీసుకున్నాడు. తీసుకొని ఊరుకోలేదు, ముట్టినట్లు చీటీ రాసిచ్చాడు. విశాఖిలుడు నవ్వుతూ ఆ చీటీని పెట్టెలో దాచాడు.

ఎలుకను ఒక వర్తకుని పిల్లికి మేతగా ఇస్తే రెండు దోసిళ్ల శనగలు వచ్చాయి. శనగలను విసిరి, కుండెడు నీళ్లతో ఊరిబయట కూడలిలో నిలబడ్డాడు. కట్టెలమ్ముకొనేవాళ్లు మోపులు దించి అలసట తీర్చుకుంటుంటే శనగలూ చల్లని నీళ్లూ ఇచ్చాడు. ఒక్కొక్కరు రెండేసి కట్టెలు ఇచ్చారు. అవి అమ్మి మళ్లీ శనగలు కొన్నాడు. కొంత సొమ్ము చేరాక మూడు రోజుల కట్టెలన్నీ తానే కొన్నాడు. అంతలో ముసురు పట్టి ఊళ్లో కట్టెలు కరవయ్యాయి. ధర పెరిగింది. ఆ సొమ్ముతో దుకాణం పెట్టాడు. చివరకు బంగారు ఎలుకను చేయించి విశాఖిలుడికి బాకీ తీర్చాడు.

ఈ కథను మనం చిన్నప్పుడు తెలివితేటల కథగా చదువుకున్నాం. ఇప్పుడు చదివితే నాకు మూడు సంగతులు కనిపిస్తున్నాయి. మొదటిది, ఆ పిల్లవాడు అప్పుడే బడి వదిలినవాడు. రాయటం, లెక్క కట్టటం అనే రెండు విద్యలు అతని చేతిలో ఇంకా వేడిగా ఉన్నాయి. రెండవది, మొదటి రోజునే చీటీ రాశాడు, అంటే వచ్చిన చదువును వచ్చిన చోటనే వాడాడు. మూడవది, ఆ శనగలను ఎవరూ కొనకపోయినా పోయేది ఒక చచ్చిన ఎలుక. పక్కన తిట్లు తింటున్న రెండో కుర్రవాడికి మాత్రం పోయినవి దీనారాలు. ఆ కథకుడు ఇద్దరినీ ఒకే గదిలో నిలబెట్టటం ఊరికే కాదు.

నష్టాన్ని చిన్నది చేయటంలోని మహిమ మన ఓరుగల్లు రాజులకూ తెలుసు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనాన్ని చరిత్ర చదివినవారంతా అభయశాసనమని పిలుస్తారు. నేటి బాపట్ల జిల్లాలో ఉన్నదా రేవు. అంతకుముందు రాజులు, తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా తీసుకొనేవారట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువని సముద్రం మీదికి తెగించి వచ్చినవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నియమితమైన సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదులుతున్నామని ఆ శాసనం ప్రకటించింది. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయింట ఒక వంతు.

చక్రవర్తి వర్తకులకు లాభం ఇస్తానని ఎక్కడా అనలేదన్నది గమనించాలి. ఓడ పగిలితే మిగిలింది నీదే అన్నాడు, అంతే. ఓడ పగలటం దైవాధీనం. పగిలిన తర్వాత మనిషి ఏ మేరకు మునగాలన్నది మాత్రం రాజు చేతిలో ఉంటుంది. విద్యార్థి దశ అటువంటి సహజమైన అభయశాసనమని నా అభిప్రాయం. ఆ వయసులో ఆలుబిడ్డలు ఉండరు, ఇంటి అద్దె మీద పడదు, అన్నం తల్లి పెడుతుంది లేదా హాస్టలు పెడుతుంది. ఓడ పగిలినా ఈదుకొని ఒడ్డెక్కవచ్చు. నలభయ్యేండ్లకు పగిలితే ఓడతో పాటు ఇల్లూ మునుగుతుంది.

పూర్వం చదువుకూ వ్యాపారానికీ మధ్య ఇంత గోడ లేదు. కోమటి ఇంట పిల్లవాడు దుకాణం గడప మీదనే ఎక్కాలు నేర్చేవాడు. సాలెల ఇంట మగ్గం గుంట పక్కనే రంగుల లెక్క తెలిసేది. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్లి మెప్పుపొందిన మన వరంగల్ తివాచీలు ఏ కళాశాల పట్టాలతోనూ నేసినవి కావు. ఆ నేతకు తోబుట్టువైన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే ఆ పద్ధతిని మెచ్చుకుంటూ ఒక సంగతి మరవరాదు. అక్కడ పిల్లవానికి ఎంపిక లేదు. తండ్రి పని కొడుకుది. ఎవరి కులం వారి బడి. వ్యాపారం నేర్చే అవకాశం ఊరందరిలో కొన్ని ఇండ్లకే పరిమితం.

తర్వాత వచ్చిన సర్కారు చదువు తలుపులు తెరిచింది. ఎవరి బిడ్డ అయినా బడికి పోవచ్చునన్నది. అందుకు మనం రుణపడి ఉన్నాం. కాని ఆ తలుపులోంచి లోపలికి పోయినవాడికి కనిపించే ద్వారం ఒక్కటే, నౌకరి. ఇంగ్లీషువారి ఏలుబడిలో గుమాస్తాగిరి, నిజాం రాజ్యంలో సర్కారీ కొలువు. నూటయాభై యేండ్లుగా మన ఇండ్లలో 'చదువుకున్నాడు' అంటే 'ఉద్యోగం వచ్చింది' అని తాత్పర్యం.

ఈ తెగిన ముడిని మళ్లీ వేయాలని ప్రయత్నించినవారు లేకపోలేదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. పుస్తకవిద్యతో పాటు చేతిపనులు నేర్పటం దాని ఆశయం. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసదస్సులో గాంధీగారు ఒక అడుగు ముందుకు వేశారు. పిల్లలు నేర్చే చేతిపని నుండి వచ్చిన వస్తువుల రాబడితో బడి తన ఖర్చు తాను భరించుకోవాలన్నారు. అదే నయీ తాలీం. ఆ సదస్సులోనే ప్రొఫెసర్ కె.టి. షా అభ్యంతరం చెప్పారు. పిల్లల చేత సంపాదింపజేస్తే బడి పనిశాలగా మారిపోతుందని, బడిలో తయారైన సరుకు బయటి పేద చేతివృత్తులవారి సరుకుతో పోటీపడుతుందని ఆయన భయం. ఆ భయం సహేతుకమైనదే. సంపాదన గురువు నిర్బంధమైతే అది బాలకార్మికత్వం. విద్యార్థి స్వయంగా ఎంచుకుంటేనే అది విద్య.

అమెరికాలో నీగ్రోల విద్య కోసం బుకర్ టి. వాషింగ్టన్ 1881లో టస్కెగీలో తెరిచిన పాఠశాల కథ ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగ్గది. భవనాలకు ఇటుకలు కావలసి వచ్చి విద్యార్థులే ఇటుకల ఆము పెట్టారు. మొదటి ఆము విఫలమైంది. రెండవదీ, మూడవదీ అంతే. చేతిలో పైకం అయిపోతే ఆయన తన గడియారం తాకట్టుపెట్టి 15 డాలర్లు తెచ్చి నాలుగవది కాల్చించాడు. అది పండింది. ఆ తర్వాత ఆ చుట్టుపట్ల తెల్లవారు, నల్లవారి చదువును ఆదరించనివారు సైతం, మంచి ఇటుకల కోసం ఆ బడి గుమ్మం తొక్కారు. పరీక్షలో వచ్చే మార్కు గురువు దయ కావచ్చు. కాని పరాయివాడు డబ్బిచ్చి కొనుక్కుపోయిన ఇటుక ఎవరి దయా కాదు. ఆ పిల్లలకు అది మొదటి పట్టా.

మన జిల్లాకు వస్తే, కళాశాల లేకుండానే జీవితమంతా విద్యార్థులుగా, దానితో పాటే పరిశ్రమ పెట్టినవారుగా కనిపించేవారు ఇనుగుర్తి గ్రామానికి చెందిన ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు. ఇనుగుర్తి నాటి వరంగల్ జిల్లాలోనిది, నేటి మహబూబాబాద్ జిల్లాలోనిది. పలు భాషలు, పలు చేతివిద్యలు స్వయంకృషితో నేర్చుకున్నారు. పల్లెలో అచ్చుయంత్రం పెట్టి 1922లో 'తెనుగు' వారపత్రికను వెలువరించారు. అదే యేడు నల్లగొండ నుండి షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారి 'నీలగిరి' వచ్చింది. తెలుగుకు సర్కారు ఆదరణ లేని ఆ రాజ్యంలో, ఒక పల్లె నుండి వారం వారం పత్రిక పంపటమంటే కాగితం ధర, సిరా ధర, తపాలా ఖర్చు, రాని చందాల బాకీ, ఇవన్నీ వ్యాసరచనతో పాటే నేర్చుకోవలసిన పాఠాలు. సాహిత్య చరిత్రలో వారిని పండితులుగా తలుస్తాం. పండితులలో పత్రికను నడిపిన వ్యవహర్తలు కూడా ఉన్నారని గుర్తించటం వారికి గౌరవమే.

ఇంకొకరు వట్టికోట ఆళ్వారుస్వామి. పేదరికం వల్ల బడిచదువు సాగలేదు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేస్తూ చదువు నేర్చుకున్నారు. హోటల్లో సర్వరుగా పనిచేశారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు ప్రచురించి, స్వయంగా మోసుకుపోయి అమ్మారు. 'ప్రజల మనిషి' నవలాకారుడిగా మనమెరిగిన ఆయనకు జనం ఏ పుస్తకానికి చేయి చాస్తారో, దేనికి ముఖం తిప్పుకుంటారో ఆ మోత నేర్పి ఉంటుంది. రచయితకు అంతకన్న మంచి బడి ఏముంటుంది?

మట్టెవాడలో 1932లో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ సంగతి మన ఊరివారికి చెప్పనక్కరలేదు. విద్యార్థిగా ఉండగానే అనుకరణ మొదలుపెట్టారు. గొంతు తప్ప ఇంకే పెట్టుబడీ అక్కరలేని విద్య అది. దానితోనే 1971లో ఐక్యరాజ్యసమితి వేదిక దాకా వెళ్లారు. 2018లో పరమపదించేనాటికి మన దేశంలో మిమిక్రీ ఒక గౌరవనీయమైన వృత్తిగా నిలబడింది.

బయటి ప్రపంచంలో ఈ మాట రాగానే అందరూ చెప్పే పేర్లు రెండు. 1984లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదువుతూ వసతిగృహం గదిలో 1,000 డాలర్లతో కంప్యూటర్ల వ్యాపారం మొదలుపెట్టిన మైఖేల్ డెల్ ఒకరు. 1975లో హార్వర్డు వదిలిన బిల్ గేట్స్ ఇంకొకరు. గేట్స్ గెలిచిన కథ అందరికీ తెలుసు. నాకు అంతకంటే ఆయన ఓడిన కథ ఇష్టం. బడిలో ఉండగానే మిత్రుడు పాల్ ఆలెన్‌తో కలిసి ట్రాఫ్-ఓ-డేటా అని ఒక చిన్న వ్యాపారం పెట్టారు. రోడ్ల మీద వాహనాల లెక్కను యంత్రంతో తేల్చి నగరపాలక సంస్థలకు ఇవ్వటం దాని పని. అధికారి ఎదుట ప్రదర్శించబోతే యంత్రం మొరాయించింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే ఆ లెక్కలు నగరాలకు ఉచితంగా చేసిపెట్టసాగింది. వ్యాపారం చప్పబడింది. కాని ఆ యంత్రం కోసం వాళ్లు నేర్చిన విద్యే 1975లో మైక్రోసాఫ్ట్ మొదటి సరుకుకు పునాది అయిందని ఆలెన్ తర్వాత చెప్పుకున్నారు. డబ్బు పోయింది, విద్య మిగిలింది. ఆ వయసులో ఆ బేరం లాభసాటిదే.

ఇంత దూరం పోనక్కరలేకుండా నా కళ్లముందే జరిగినది ఒకటి చెబుతాను. 1934లో నెలకొన్న ఆజంజాహీ మిల్లు మన ఊళ్లో ఎన్ని వేల కుటుంబాలకు అన్నం పెట్టిందో, గత శతాబ్ది చివరికి ఆ యంత్రాలు ఆగాక ఎన్ని పొయ్యిలు చల్లబడ్డాయో పాతవారికి తెలుసు. అటువంటి ఇంటి పిల్లవాడొకడు మా బడిలో పదో తరగతి ముగించి జూనియర్ కాలేజీలో చేరాడు. వేసవి సెలవుల్లో ఎనుమాముల మార్కెట్లో మిరప బస్తాల లెక్క రాసి 600 రూపాయలు కూడబెట్టాడు. మార్చిలో పరీక్షలు ముగించిన సీనియర్ల దగ్గర ఇంటర్మీడియెట్ పుస్తకాలు పావు ధరకు కొని, జూన్‌లో చేరే పిల్లలకు సగం ధరకు అమ్మాలని అతని ఆలోచన.

కాలేజీ ప్రహరీ పక్కన 'పాత పుస్తకాలు' అని అట్టముక్క మీద రాసి కూర్చున్నాడు. రెండు రోజులు ఎవరూ ఆగలేదు. మూడో రోజు ఆ అట్ట తిప్పి 'నిరుటి పుస్తకాలు, సగం ధర' అని రాశాడు. ఆగారు. పాతది అంటే చిరిగిందేమో, సిలబసు మారిందేమో అని అనుమానం. నిరుటిది అంటే ఒక్క యేడాది వాడినదని భరోసా. పర్యాయపదాలకు ఛాయాభేదం ఉంటుందని నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా రాని జ్ఞానం, రెండు రోజుల ఖాళీ బేరంతో వచ్చింది.

మొదటి యేడు లాభం వచ్చింది. రెండో యేడు స్నేహితులకు ఉద్దెర ఇచ్చాడు. కొందరు ఎగ్గొట్టారు. ఇచ్చేటప్పుడు స్నేహం, అడిగేటప్పుడు వైరం అన్న సంగతి తెలిసి, ఆ తర్వాత ఉద్దెరకు నోట్‌బుక్కులో సంతకం తీసుకోవటం మొదలుపెట్టాడు. మూడో యేడు అసలు దెబ్బ తగిలింది. అతడు సరుకు నింపుకొన్నాక పాఠ్యపుస్తకాలు మారాయి. నలభైకి పైగా పుస్తకాలు ఒక్క రాత్రిలో చిత్తుకాగితాలయ్యాయి. కిలోల లెక్కన తూకానికి వేసి, ఆ చీటీని కూడా ఖాతాలో అంటించి నాకు చూపించాడు. "సార్, ఇంకోసారైతే కొనేముందు బోర్డు ప్రకటన చూస్తా" అన్నాడు. ఏడవలేదు. ఏడ్చేంత పెద్ద మొత్తం కాదు గనుక.

అతడిప్పుడు వ్యాపారి కాడు. ఒక సహకార సంఘంలో ఉద్యోగి. కాని ఏ కాగితం మీదైనా చదవకుండా సంతకం పెట్టడు. రైతుకు వచ్చిన తక్‌పట్టీలో తూకమెంత, తరుగెంత, హమాలీ ఎంత, కమీషను ఎంత అని విడదీసి చెప్పగలడు. తనది ఏది, సంఘానిది ఏది అన్న గీత అతని లెక్కల్లో స్పష్టం. విద్యార్థి వ్యాపారం వల్ల అందరూ కోటీశ్వరులవుతారని చెప్పేవారిని నమ్మకండి. ఎక్కువమంది ఇటువంటివారవుతారు. సమాజానికి ఇటువంటివారి అవసరం కోటీశ్వరుల అవసరం కన్న తక్కువేమీ కాదు.

ఈ అనుభవాన్ని చదువుకు చేర్చి చూస్తే ప్రయోజనాలు తేలికగానే లెక్కకు వస్తాయి. తరగతిలో తప్పు చేస్తే మార్కు పోతుంది, తప్పు ఎక్కడో తరచుగా తెలియదు. అంగట్లో తప్పు చేస్తే అదెక్కడో వెంటనే తెలుస్తుంది. పుస్తకంలోని శాతాలు, వడ్డీలు, ఉత్తరాలు, ప్రకటనలు అన్నీ ప్రాణం పోసుకుంటాయి. సందేహం వస్తే అడగటానికి పక్కనే గురువులుంటారు, చూడటానికి గ్రంథాలయం ఉంటుంది, కలిసి పనిచేయటానికి ఫీజు అడగని స్నేహితులుంటారు. చదువు ముగిశాక ఇవన్నీ డబ్బిచ్చి కొనుక్కోవలసినవే. వీటికి మించి, తనకు వ్యాపారం పడదని తెలుసుకోవటం కూడా లాభమే. ఇరవయ్యేండ్లకు తెలిస్తే అది జ్ఞానం, యాభైకి తెలిస్తే అది పశ్చాత్తాపం.

ఇక నేటి వ్యవస్థ సంగతి. 1959 అక్టోబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన మన రీజినల్ ఇంజనీరింగ్ కళాశాల, 2002లో నిట్‌గా మారిన సంస్థ, దశాబ్దాల పాటు ప్రాజెక్టులకు, కర్మాగారాలకు ఇంజనీర్లను ఇవ్వటమే ధ్యేయంగా నడిచింది. ఆనాటి దేశానికి అదే అవసరం. ఇప్పుడు గాలి మారింది. 2015 నవంబరులో హైదరాబాదులో టి-హబ్ తెరిచారు. వరంగల్‌లోనే అనంతసాగరంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం సాయంతో ఎస్.ఆర్. ఇన్నోవేషన్ ఎక్స్‌ఛేంజ్ నెలకొంది. 2019లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల, అధ్యాపకుల అంకుర సంస్థల కోసం ఒక జాతీయ విధానం ప్రకటించింది. వ్యాపారం పెట్టిన విద్యార్థికి హాజరు తగ్గినా పరీక్షకు అనుమతి, కావాలంటే కొంతకాలం చదువు ఆపి తిరిగి చేరే వీలు కల్పించమని అది విద్యాసంస్థలకు సూచిస్తున్నది. ఓడ పగిలినా మిగిలింది నీదే అన్న గణపతిదేవుని మాటే ఇది, తరగతి గది భాషలో.

మన చట్టం కూడా చిన్నవారికి ఒక కంచె కట్టింది. 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం 18 ఏండ్లు నిండనివారు చేసుకొన్న ఒప్పందం చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. 1932 నాటి భాగస్వామ్య చట్టం మైనరును లాభాల వరకు మాత్రమే భాగస్వామ్యంలో చేర్చుకోనిస్తుంది, నష్టానికి అతని సొంత ఆస్తి జోలికి పోనివ్వదు. ఇదీ అభయమే.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్లు. ఈ అభయం అందరికీ సమానంగా లేదు. డెల్ తండ్రి దంతవైద్యుడు, గేట్స్ తండ్రి పేరున్న న్యాయవాది. ఆ పిల్లలు ఓడిపోయినా తిరిగి పోవటానికి చల్లని ఇల్లు ఉంది. పరకాల పక్క పల్లె నుండి వచ్చి, పత్తి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టిన రైతుబిడ్డకు ఆ ఇల్లే తాకట్టులో ఉండవచ్చు. అతనికి 'ధైర్యం చెయ్యి, ఓడిపోతే ఏమవుతుంది' అని వేదికల మీద బోధించటం చాలా సులభం. ఏమవుతుందో అతని తల్లికి తెలుసు.

పైగా వ్యాపారం పేరుతో విద్యార్థిని వేటాడేవి ఇప్పుడు చాలా ఉన్నాయి. నీకింద ఇద్దర్ని చేర్చు, వారికింద నలుగుర్ని చేర్చు అనే గొలుసుకట్టు పథకాలను 1978లోనే చట్టం నిషేధించినా, పేర్లు మార్చుకొని కళాశాల హాస్టళ్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. 2020 చివరిలో ఫోన్‌లో క్షణంలో అప్పు ఇచ్చి, తర్వాత బంధుమిత్రులందరి ముందు పరువు తీసిన రుణ యాప్‌ల వేధింపులు మన రాష్ట్రంలో ప్రాణాలు తీశాయి. షేరు మార్కెట్టు ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది 2022 నుండి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. వీటిలో ఏదీ నేను చెబుతున్న వ్యాపారం కాదు. ఎవరికో ఒక అవసరం తీర్చి, ఆ తీర్చినందుకు ధర పుచ్చుకోవటం వ్యాపారం. కట్టెలు కొట్టేవాడి దాహం తీరింది గనుకనే అతడు రెండు కట్టెలు ఇచ్చాడు. దాహం తీరే మనిషి ఎక్కడా కనిపించని పథకంలో, అమ్ముడుపోయే సరుకు మన బిడ్డే.

కనుక ఇంజనీరింగు రెండో సంవత్సరం కొడుకుతో వచ్చే తల్లిదండ్రులకు నేను చెప్పే నాలుగు మాటలు ఇవి. వాణ్ణి ఆపకండి. కాని పెట్టుబడి ఎలుక పరిమాణం దాటనివ్వకండి, అంటే పూర్తిగా పోయినా ఇంట్లో ఒక పూట వంట కూడా ఆగని మొత్తం. పొలం కాగితం, తల్లి మెడలో పుస్తె, వడ్డీకి తెచ్చిన అప్పు, ఈ మూడూ ఆ వ్యాపారం గడప తొక్కరాదు. మొదటి రోజు నుండి చీటీ రాయించండి, స్నేహితుడైనా సరే, మీరైనా సరే. చదువును వదిలిపెట్టి వ్యాపారం చేస్తానంటే, వ్యాపారానికి పనికివచ్చే ఆ చదువును ఎందుకు వదులుతున్నావని అడగండి.

విద్యాసంస్థలకు, సర్కారుకు చెప్పగల స్తోమత నాకు లేదు గాని, చెప్పవలసివస్తే ఒక్కటే చెబుతాను. భవనాలు కట్టారు, సంతోషం. గెలిచినవారి ఫోటోలు గోడలకు పెడుతున్నారు, అదీ సంతోషమే. ఓడిపోయి తిరిగివచ్చిన పేదింటి విద్యార్థిని ఏ ప్రశ్నా లేకుండా మళ్లీ తరగతిలో కూర్చోబెట్టే అధ్యాపకుడు ఉన్నచోటనే ఆ విధానం నిజంగా అమలైనట్లు. మోటుపల్లి రేవులో శాసనస్తంభం నిలబెట్టింది ఒడ్డుకు క్షేమంగా చేరిన ఓడల కోసం కాదు గదా.

స్వస్తి.